అరవని బ్రేకే మంచి బ్రేకు

బ్రేకు ప్యాడు అంచున రివెటు కొట్టి బిగించిన సన్నని ఉక్కు రేకు ముక్క ఒకటి ఉంటుంది. ప్యాడు మీది లైనింగు, అంటే చక్రంతోపాటు తిరిగే డిస్కును పట్టి ఆపే పొర, అరిగి అరిగి రెండు మూడు మిల్లీమీటర్లకు దిగేసరికి ఆ రేకు పోయి డిస్కుకు తగులుతుంది, తగిలి కీచుమని అరుస్తుంది. లక్షలు పోసి కొన్న వాహనం మొత్తంలో యజమాని ప్రాణం గురించి నోరు తెరిచి మాట్లాడే భాగం బహుశా అదొక్కటే. ఈ మధ్య ఒక షెడ్డులో ఆ రేకును కటింగ్ ప్లయరుతో పట్టుకుని, అటూ ఇటూ రెండుసార్లు వంచి, పుటుక్కున విరిచి పారేసిన మెకానిక్‌ను, "ఇంక సౌండ్ రాదు సార్, నాదీ గ్యారంటీ" అని అతడు ఇచ్చిన అభయాన్ని, ఆ అభయానికి మురిసిపోయి జేబులో చెయ్యి పెట్టిన యజమానిని కళ్లారా చూశాక, బ్రేకుల శాస్త్రం ఇంతకాలం తప్పుదారిలో నడిచిందనీ, దాన్ని సవరించి లోకానికి అందించే బాధ్యత నా నెత్తిన పడిందనీ అర్థమైంది. సవరించిన సూత్రం ఇది: అరవని బ్రేకే మంచి బ్రేకు. ఆగడమంటారా, అది దైవాధీనం.

ఈ సూత్రం తెలియక పూర్వులు నానా అవస్థలు పడ్డారు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్తతో మాటమాత్రం చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణం కట్టింది. దారిలో పల్లాలు దిగీ దిగీ చెక్క బ్రేకులు అరిగిపోతే, చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగి వాటికి తోలు ముక్కలు కొట్టించుకుంది. మోటారు బండికి బ్రేకు లైనింగు వేయడం అక్కడ మొదలైందంటారు. ఆవిడ ఎంపికకు ఆధారం ఒక్కటే, పట్టుకుంటుందా లేదా అన్నది. తోలు కీచుమంటుందేమో, పక్క ఊళ్లో ఇంకా చవగ్గా దొరుకుతుందేమో, బావమరిదికి తెలిసిన దుకాణం ఏదైనా ఉందేమో అని ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. క్షేమంగా పుట్టింటికి చేరిందనుకోండి, కానీ బేరం చేతకాని మనిషి.

మనకు ఆ లోపం లేదు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ స్పేర్ పార్టుల దుకాణం ముందు అరగంట నిలబడితే మన ప్రతిభ ఎంతటిదో తెలుస్తుంది. పద్దెనిమిది లక్షల కారు, అందులో లక్ష పెట్టి తరువాత బిగించుకున్న స్పీకర్లు, సీటు కవర్లు, రాత్రిపూట రంగులు మారే దీపాలు గల పెద్దమనిషి కౌంటరు దగ్గరకు వచ్చి ముందు ప్యాడ్ల సెట్టు కావాలంటాడు. సేటు నాలుగు పెట్టెలు వరుసగా పేరుస్తాడు. "కంపెనీది ఉంది సార్, కంపెనీకి సప్లై ఇచ్చే కంపెనీది ఉంది, కంపెనీ టైపుది ఉంది, ఢిల్లీ మాల్ ఉంది. ఏది ఇమ్మంటారు?" బ్రేకు ప్యాడ్ల లోకంలో చాతుర్వర్ణ్యం ఇదే. నిజానికి వీటిలో రెండోది తెలివైన బేరం. కార్ల కంపెనీలు సాధారణంగా ప్యాడ్లు సొంతంగా చేసుకోవు, తయారీదార్ల దగ్గర కొని తమ పేరున్న పెట్టెలో పెట్టి అమ్ముతాయి. చెన్నైలో బ్రేక్స్ ఇండియా, సుందరం బ్రేక్ లైనింగ్స్ వంటివి ఉన్నాయి. చెన్నైలోనే పుట్టిన రానే సంస్థకు మన హైదరాబాద్‌లోనూ కర్మాగారం ఉంది. అదే సరుకు తయారీదారు సొంత పెట్టెలో తక్కువ ధరకు దొరుకుతుంది. అయితే ఇంత సులువైన సంగతితో పెద్దమనిషికి తృప్తి ఎలా కలుగుతుంది?

అందుకని ఆయన పరీక్ష మొదలుపెడతాడు. బెండకాయ కొన తుంచి చూసినంత శ్రద్ధగా ప్యాడును గోటితో గీకుతాడు. అరచేతిలో ఎగరేసి, "దిట్టంగానే ఉంది" అంటాడు, ఆ బరువులో పెద్ద వాటా వెనక ఉన్న ఉక్కు పలకదని తెలియక. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూస్తాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. పెట్టె మీది హోలోగ్రామును వెలుతురులో అటూ ఇటూ తిప్పి, బాగా మెరుస్తున్నది అసలుదని తీర్పు చెబుతాడు. నకిలీ సరుకు వాళ్లు లైనింగు మీద మిగిల్చిన డబ్బంతా ఆ మెరుపు మీదే పెట్టారన్న అనుమానం ఆయనకు రాదు. ఇంతలో ప్యాడు అంచున అచ్చుగుద్దిన అంకెల చివర రెండు ఇంగ్లీషు అక్షరాలు కంటపడతాయి.

"సేట్, ఈ ఎఫ్ ఎఫ్ ఏంది?"

"మొదటి ఎఫ్ అంటే ఫ్రంట్ సార్. ముందు చక్రాలకని."

"మరి రెండోది?"

"ఫస్ట్ క్వాలిటీ."

"దీని మీద జీ జీ అనుందే?"

"జీ అంటే గుడ్. రెండు జీలుంటే వెరీ గుడ్."

"ఈ ఈ?"

సేటు ఇక్కడ ఒక్క క్షణం తడబడ్డాడు, కానీ వ్యాపారంలో తల పండినవాడు. "ఎకానమీ సార్," అన్నాడు. "రెండోది ఎక్స్‌ట్రా ఎకానమీ."

అమెరికాలోని ఎస్ఏఈ అనే సంఘానికి చెందిన వాహన ఇంజనీర్లు ఆ అక్షరాలకు పెట్టుకున్న అర్థం వేరు గానీ, వాళ్లు రాణీగంజ్ రాలేదు కాబట్టి వాళ్ల మాట ఇక్కడ చెల్లదు. మొదటి అక్షరం మామూలు వేడిలో ప్యాడు పట్టును చెబుతుంది, రెండోది బాగా కాగినప్పుడు మిగిలే పట్టును చెబుతుంది. ఆ పట్టును కొలిచే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35 దాకా ఉంటే ఈ, అక్కణ్ణుంచి 0.45 దాకా ఎఫ్, ఆపైన 0.55 దాకా జీ. ఎఫ్ తరువాత ఈ ఉందంటే కాగేకొద్దీ పట్టు సడలే సరుకన్నమాట. ప్యాడు ఎంతకాలం మన్నుతుందో, ఎంత అరుస్తుందో ఆ అక్షరాలు చెప్పవు. బండితోపాటు వచ్చిన ప్యాడు మీద ఏ జత ఉందో చూసుకుని అదే జత అడిగితే చాలు. కానీ పాత ప్యాడు తుడిచి చదవడమంటే చేతికి మసి అంటుతుంది కదా.

ఇక ధర. "ఒక పక్కే అరిగింది సేట్, సగం సెట్ ఇయ్యి" అన్నది ఈ ఘట్టంలో పతాక సన్నివేశం. ఎడమ చక్రానికి కొత్తవి, కుడి చక్రానికి పాతవి వేయించి, గట్టిగా బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు ఎందుకు లాగుతోందని అలైన్‌మెంట్ షాపుకు పోయి మళ్లీ డబ్బు పోసే మహానుభావుల కోసం ఇలాంటి సగాలు నిజంగానే అమ్ముడవుతున్నాయి. ఐరోపాలో ఆర్90 అనే నిబంధన పెట్టుకున్నారు. దాని ప్రకారం, మార్చి వేసే ప్యాడు పట్టుకూ అసలు ప్యాడు పట్టుకూ 15 శాతానికి మించి తేడా ఉండకూడదు, ఇరుసు రెండు పక్కలకూ సరిపడా సెట్టుగానే అమ్మాలి, పెట్టె ఒకసారి తెరిస్తే తెలిసిపోయేలా సీలు ఉండాలి. సీలు ఉంటే గోటితో గీకేదెలా, వాసన చూసేదెలా? వినియోగదారుడి హక్కుల మీద ఇంతకన్నా దాడి ఉంటుందా? చివరికి ఆ పెద్దమనిషి బిల్లు లేకుండా ఎంతకిస్తావని అడిగి, 2025 సెప్టెంబరులో ఆటో విడిభాగాల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి దించిన ప్రభుత్వాన్ని ఆ 18 కూడా ఇవ్వకుండా సత్కరించి, కంపెనీ టైపుది పట్టుకుని ఇంటికి పోతాడు.

ఆ ప్యాడ్లతోనే తిరుమల పోతాడు. దిగేటప్పుడు 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు, వరుసగా మెలికలు. చిన్న గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచాల్సిన చోట మనవాడు న్యూట్రల్‌లో వేసి, పెట్రోలు మిగిలిందని మురుస్తూ బ్రేకు మీదే కాలు నిలిపి ఉంచుతాడు. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే ఇంధనం పోయడమే ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే కాస్త తాగుతూ ఉంటాయి కాబట్టి మిగిలిందేమీ లేదు. కాలిన వాసన వస్తే ముందు పోయే బస్సుదని తేల్చేస్తాడు. ఎక్స్‌ట్రా ఎకానమీ అనే రెండో అక్షరం తన అసలు అర్థం చెప్పేది సరిగ్గా అప్పుడే. దిగడానికి కనీసం ఇంత సమయం పట్టాలని దేవస్థానం వారు లెక్క పెట్టారంటే ఊరికే పెట్టలేదు.

కొందరికి మాత్రం ధర కాదు, అందం ముఖ్యం. అల్లాయ్ చక్రాలకు నల్లపొడి అంటకూడదని సిరామిక్ ప్యాడ్లే కావాలంటారు. వాటికి దుమ్ము, రొద తక్కువన్నది నిజమే, ఎంచుకోవడంలోనూ తప్పు లేదు. నాకు ఆశ్చర్యం కలిగించేదల్లా, చక్రానికి అంటే దుమ్ము గురించి ఇంత బెంగపడే మనుషులు మిగతా దుమ్ము ఎక్కడికి పోతుందని ఒక్కసారీ అడగకపోవడం.

అది ఎక్కడికి పోతుందో ఏ షెడ్డులోనైనా చూడవచ్చు. చక్రం ఊడదీయగానే ఒక కుర్రాడు ఎయిర్ గొట్టం ఈడ్చుకొచ్చి, గొంతుక్కూర్చుని, ప్యాడ్లను డిస్కుకు అదిమే క్యాలిపరు లోపలికి, వెనక చక్రాల డ్రమ్ముల్లోకి బలంగా గాలి కొడతాడు. నల్లటి పొడి గుప్పున లేచి వాడి కనురెప్పల మీద, పెదవుల మీద, చెమటకు తడిసిన మెడ మీద పేరుకుంటుంది. యజమాని జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి జరుగుతాడు. కుర్రాడు చొక్కా అంచుతో మూతి తుడుచుకుని రెండో చక్రం దగ్గరికి పోతాడు. పదమూడేళ్లుంటాయేమో. అందరూ చిన్నా అని పిలుస్తారు, అసలు పేరు రాసిన రిజిస్టరు ఆ షెడ్డులో లేదు.

ఢిల్లీ మాల్ పెట్టె మీద లోపల ఏమి కలిపారో రాసి ఉండదు. ఆస్బెస్టాస్ నార వేడికి చెదరదు, చవక, అందుకే ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం బ్రేకు లైనింగులను అదే ఏలింది. మన ఇళ్ల మీది సిమెంటు రేకుల్లో ఉండేదీ అదే, కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు తవ్వి తీసిందీ అదే. ఐరోపా సమాఖ్య 2005 నాటికి దాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. అమెరికా 2024లో, అప్పటికీ వాడుకలో మిగిలిన తెల్ల ఆస్బెస్టాస్‌ను కూడా నిషేధించింది. మన దేశం ఇంకా దిగుమతి చేసుకుంటూనే ఉంది. పీల్చిన నార ఊపిరితిత్తుల్లోనే ఉండిపోతుంది, ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ల తరువాత క్యాన్సరై బయటపడుతుంది. ఆ సంగతి తెలిసే 1995లో సుప్రీంకోర్టు, ఆస్బెస్టాస్ పనిలో ఉన్న ప్రతి కార్మికుడి ఆరోగ్య వివరాలను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు గానీ, మానేశాక 15 ఏళ్లు గానీ, ఏది తరువాత వస్తే అంతవరకు, భద్రపరచాలని యజమానులను ఆదేశించింది. నలభై ఏళ్లు! నిన్న వచ్చిన కుర్రాడు రేపు వస్తాడో రాడో రాసుకోని చోట! వాడికి దగ్గు మొదలయ్యేనాటికి ఈ షెడ్డు ఉండదు, ఈ సేటు ఉండడు, ఆ ప్యాడు పెట్టె ఎవరు కొట్టించారో చెప్పేవాడుండడు. ఏ మూడు నాలుగు వందలు మిగుల్చుకోవడానికి వాడి ఊపిరి అమ్మారో, ఆ డబ్బు అదే సాయంత్రం బిర్యానీకి అయిపోయి ఉంటుంది.

"ఇందులో ఆస్బెస్టాస్ లేదు కదా?" అని ఆ కౌంటరు దగ్గర ఒకసారి అడిగి చూశాను. "బండికి ఏం కాదు సార్," అన్నాడు సేటు, నన్ను ఓదారుస్తున్నట్టుగా.

ఆస్బెస్టాస్ రహితమని రాసి ఉన్న పెట్టె కొనడానికీ, దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవడానికీ పెద్ద చదువు అక్కర్లేదు. 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ, 18 లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లోనూ పెట్టకూడదని 2016లో సవరించిన చట్టం చెబుతోంది, షెడ్డు యజమానికి అది తెలియదనీ నేను అనుకోను. ఆ గొట్టం పట్టుకోవడానికి పెద్దవాణ్ణి పెడితే పెద్దవాడి కూలి ఇవ్వాలి, తడిపి తుడిస్తే బండికి ఇంకో పావుగంట పడుతుంది, ఆ కూలీ ఆ పావుగంటా మీ బిల్లులోకి ఎక్కుతాయి, బిల్లు చూసి మీరు పక్క షెడ్డుకు పోతారని కూడా ఆయనకు తెలుసు.