మూడో వరుస గారి బాకీ

కోనసీమలో ఫిర్యాదు చేయడానికి ఒక క్రమం ఉంది. ఎవరి మీద ఫిర్యాదో వారింటికే వెళ్లి, అరుగు మీద కూర్చుని, పిల్లల చదువులు, కొబ్బరి ధర, కాలువలో నీటి మట్టం, తాతగారి మోకాళ్ల నొప్పులు ఒక్కొక్కటిగా విచారించి, ఇచ్చిన కాఫీ తాగి, చెప్పులు తొడుక్కుంటున్న సమయంలో, అప్పుడే గుర్తొచ్చినట్టుగా, "ఆయ్, మరేం లేదండి, మీ గేదె మా అరటితోటలో పడి పిలకలన్నీ తొక్కేసిందండి" అని చెప్పాలి. ప్రోగ్రాం కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల వారు ఈ క్రమాన్ని పూర్తిగా తలకిందులు చేశారు. వారి ఫిర్యాదు పత్రం మొదటి గడిలోనే మీరేం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, చివరకు ఏం జరిగింది అని అడుగుతుంది. ఆ తరువాత ప్రోగ్రాం వెర్షన్ ఎంత, ఆపరేటింగ్ సిస్టం ఏది అంటుంది. కుశల ప్రశ్నలకు అందులో గడి లేదు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మా మావయ్యకు ఈ సంగతి చెప్పినప్పుడు, అలా రాస్తే అవతలివారు నొచ్చుకోరా అని ఆయన చాలాసేపు బాధపడ్డాడు.

ఆయనకు ఆ ఫిర్యాదు చేయవలసిన అవసరం రావడానికి కారణం బాకీల పట్టిక. చిట్టా, ఆవర్జా రాసే గుమస్తా పెద్దవాడై పని మానుకున్న తరువాత, ఆయన ఉద్యోగపు చివరి రోజుల్లో కంప్యూటర్‌లో టైపు చేసి పెట్టిన జాబితాను, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న మా బావమరిది ఉచితంగా దొరికే ఒక లెక్కల ప్రోగ్రాంలోకి ఎక్కించాడు. అందులో వరుసగా 42,000, 95,000, 1,25,000, 18,500, 2,40,000 రూపాయల బాకీలు ఉన్నాయి. ఎవరు కూడినా మొత్తం 5,20,500 రావాలి. ప్రోగ్రాం మాత్రం 1,55,500 అని చూపించి నిశ్చింతగా ఊరుకుంది. మావయ్య కళ్లజోడు సవరించుకుని తెర మీదకు వంగి చూస్తే, లక్ష లోపు బాకీలన్నీ గడిలో కుడివైపుకు ఒదిగి ఉన్నాయి. లక్ష దాటిన రెండూ మాత్రం పేర్లలాగే ఎడమవైపుకు జరిగి కూర్చున్నాయి. అంటే ప్రోగ్రాం వాటిని అంకెలుగా గుర్తించలేదు, ఏవో మాటలనుకుని కూడికలోంచి వదిలేసింది. కామాలు మూడేసి అంకెలకు ఒకటి చొప్పున పడతాయని దానికి నేర్పారు కాబట్టి 95,000 దానికి అర్థమైంది, 1,25,000 అర్థం కాలేదు. లక్ష లోపు సంఖ్యలకు మన కామా, వాళ్ల కామా ఒకేచోట పడతాయి. లక్ష దాటిన తరువాతే దారులు వేరవుతాయి. ఆ విధంగా ప్రోగ్రాం పెద్ద బాకీదారులను మాత్రమే ఏరి రుణవిముక్తులను చేసింది. (అయిదో వరుసలో ఉన్నది ఎవరన్నది ఈ వ్యాసానికి అవసరం లేదు. ఆయన మా ఇంట్లోనే ఉంటారు.)

"దీని యజమాని ఎవర్రా?" అని మావయ్య అడిగాడు. యజమాని అంటూ ఎవరో ఒక్కరు లేరని, ప్రోగ్రాం కోడ్ అంతా ఎవరైనా చదువుకోవచ్చని, మార్చుకోవచ్చని, పంచుకోవచ్చని బావమరిది వివరించాడు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు సరదాకు మొదలుపెట్టిన లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం కూడా ఇటువంటిదేనని, ఎందరో చేతులు వేయగా అది పెరిగి, ఈనాడు మావయ్య జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌కు సైతం పునాదిగా ఉందని చెప్పాడు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువకు లాకుల దగ్గర లస్కరు ఎలాగో ప్రోగ్రాంలోకి వచ్చే మార్పులకు మెయింటెయినర్ అలాగని, ఏ మార్పును లోపలికి వదలాలో దేన్ని ఆపాలో ఆయనే చూస్తాడని, చాలా ప్రాజెక్టుల్లో ఆ పని జీతం లేకుండా, ఉద్యోగం ముగిశాక రాత్రిపూట చేస్తారని కూడా చెప్పాడు. మావయ్య ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోయాడు. "లస్కరుకి గవర్నమెంటు జీతం ఇస్తుందిరా. జీతం లేని మనిషిని పట్టుకుని నీ లెక్క తప్పని ఎలా అంటాం? కాస్త మర్యాదగా రాయాలి" అన్నాడు.

మర్యాదగా రాయడమంటే ఏమిటో తరువాతి గంటలో తెలిసింది. కాస్త ఇంగ్లీషు వచ్చినవాడినని నన్ను కూర్చోబెట్టి ఆయన చెప్పసాగాడు: "మహారాజశ్రీ ప్రోగ్రాం వారికి నమస్కరించి వ్రాయునది. ఇచ్చట మేమందరమూ క్షేమము. ఈ ఏడు ధర అంతంతమాత్రముగా ఉన్నది." అక్కడి నుంచి ఆయన తన తండ్రి వ్యాపారం మొదలుపెట్టిన తీరు, కురిడీ కాయలు ఉత్తరాదికి ఎక్కించే లారీల కిరాయి, దింపు కార్మికుల కొరత మీదుగా నడిచి, రెండో పేజీ చివరకు గుమస్తా పదవీవిరమణ దగ్గరకు చేరుకున్నాడు. కామా ఇంకా కనుచూపుమేరలో లేదు. బావమరిది ఆ రెండు పేజీలను భక్తితో మడిచి జేబులో పెట్టుకుని, దిగుమతి చేసిన జాబితాలో కొన్ని మొత్తాలు కూడికలోకి రావడం లేదని నాలుగు వాక్యాల్లో రాసి పంపించాడు. తొందరలో కామాల సంగతి అందులో చేరలేదు.

మర్నాటికి జవాబు వచ్చింది. ఫిర్యాదుకు ధన్యవాదాలని, తాను 95,000 తో ప్రయత్నించి చూశానని, తన దగ్గర సరిగ్గానే కూడుతోందని, ఆ లోపం తన కంప్యూటర్‌లో కనబడటం లేదని మెయింటెయినర్ రాశాడు. ఈ మాట ఓపెన్ సోర్స్ ప్రపంచంలో దినచర్య వంటిది. ఫిర్యాదు అందినవారు ముందుగా దాన్ని తమ దగ్గర జరిపించి చూస్తారు, జరగకపోతే సరిదిద్దడానికి వారి చేతికి ఏమీ దొరకదు. మావయ్యకు మాత్రం ఇందులో చిక్కేమీ కనిపించలేదు. ఆయన దగ్గర కనబడకపోతే ఆయన్నే ఇక్కడికి రమ్మనవచ్చు కదా అన్నాడు. మధురపూడి విమానాశ్రయంలో దిగి ఒక్క ఫోన్ చేస్తే కారు పంపుతామని, భోజనం, పడక మన ఇంట్లోనేనని, లోపాన్ని తాపీగా రెండు మూడు రోజులు చూసుకుని వెళ్లవచ్చని రాయమన్నాడు. వచ్చేదేదో గోదావరికి ఎర్రనీరు వచ్చి పులస దొరికే రోజుల్లో వస్తే బాగుంటుందని అత్తయ్య వంటింట్లోంచి సవరణ ప్రతిపాదించింది. బావమరిది ఎంత వారించినా మావయ్య పక్కనే నిలబడి ఆ ఆహ్వానాన్ని టైపు చేయించాడు. దానికి మెయింటెయినర్ ఎంతో మర్యాదగా, ఆహ్వానానికి కృతజ్ఞుడినని, అంత దూరం రావడంకన్నా లోపం కనబడే నమూనా ఫైలు ఒకటి జతచేస్తే సరిపోతుందని బదులిచ్చాడు.

నమూనా ఫైలంటే కల్పిత పేర్లతో, రెండు మూడు వరుసలతో, లోపం బయటపడటానికి ఎంత కావాలో అంతే ఉండేలా తయారుచేసేది. బావమరిదికి ఆ సంగతి తెలుసు. ఆ సమయంలో అతడు ఆఫీసు మీటింగులో చెవులకు పరికరం తగిలించుకుని ఉన్నాడు. మావయ్య వెనుక నుంచి "ఫైలే కదరా, పంపెయ్" అని తొందరపెడుతున్నాడు. ఎదురుగా అసలు ఫైలు సిద్ధంగా ఉంది. అతడు దాన్నే జతచేసి మీటింగులో మాట్లాడటం కొనసాగించాడు. ఆ ఫైలులో ఇంటిపేర్లతో సహా అందరి పేర్లూ ఉన్నాయి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఫిర్యాదులు కూడా సాధారణంగా కోడ్ లాగే బహిరంగంగా ఉంటాయి, లోకంలో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

మెయింటెయినర్ ఫైలు తెరిచిన వెంటనే లోపం కనబడింది. 1,25,000 అనేది టైపు చేయడంలో దొర్లిన తప్పా అని ఆయన ఒక్క ప్రశ్న అడిగాడు. "మా తాత కూడా కామా అక్కడే పెట్టాడు" అని మావయ్య గట్టిగా అన్నాడు. బావమరిది మాత్రం ప్రపంచ లిపులన్నిటికీ కంప్యూటర్ సంకేతాలు నిర్ణయించే యూనికోడ్ వారు నిర్వహించే సీఎల్‌డీఆర్ అనే ప్రాంతీయ సమాచార భాండాగారాన్ని చూపించి, తెలుగుకు మొదటి కామా మూడంకెల తరువాత, ఆపైన రెండేసి అంకెలకు ఒకటి చొప్పున పడుతుందని అక్కడ స్పష్టంగా ఉందని రాశాడు. ఇటువంటి చిన్న విషయాలను తేలికగా తీసుకునే వీలు లేదు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం కంటికి కనిపించని ఒక సంకేతాన్ని మధ్యలో పెట్టుకుని వచ్చినప్పుడు ఐఫోన్లలో మెసేజి యాప్‌లు కుప్పకూలాయి, ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేస్తే గాని ఆ గొడవ సద్దుమణగలేదు. మెయింటెయినర్ వెంటనే అంగీకరించి, సవరణ మీరే పంపగలరా అని అడిగాడు. బావమరిది పంపించాడు. ఖాళీలు ఎక్కువయ్యాయని ఒకసారి, వివరణ తక్కువయిందని ఒకసారి అది వెనక్కు వచ్చింది. చివరగా, భవిష్యత్తులో ఎవరో ఏదో మార్చి ఈ లోపాన్ని తిరిగి తీసుకురాకుండా ఒక పరీక్షను కూడా చేర్చాలన్నారు. నమూనా ఫైలు ఎలాగూ ఉంది కాబట్టి దాన్నే పరీక్షకు వాడి, మొత్తం 5,20,500 వచ్చి తీరాలని రాశారు. సవరణ ప్రాజెక్టులో కలిసింది.

ఇక్కడితో ఆగి ఉంటే ఊళ్లో ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. తన కొడుకు రాసిన కోడ్ లోకమంతా వాడుకుంటుందన్న ఆనందంలో మావయ్య వీధంతా ఆత్రేయపురం పూతరేకులు పంచి, అది చాలక ఆ పుట లింకును తోటి వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి లంకలన్నీ దాటిపోయింది.

ఫలితాలు అంతుచిక్కని విధంగా వచ్చాయి. లక్ష లోపు బాకీ ఉన్న ముగ్గురూ తలవంపులుగా భావించి దీపాలు పెట్టే వేళకు డబ్బు తెచ్చి ఇచ్చేశారు. లక్ష దాటినవారికి అటువంటి భావన కలగలేదు. అంత మొత్తం నమ్మి ఇచ్చారంటే తమ పరపతి ఎటువంటిదో అందరికీ తెలిసిందని వారు కొంత సంతోషించారు. జాబితాలో లేని ఒకాయన వచ్చి, తాను కూడా 60,000 ఇవ్వవలసి ఉండగా తన పేరు పెట్టకపోవడం తనను లెక్కలోకి తీసుకోకపోవడమేనని అలిగి వెళ్లాడు. అత్తయ్య అయిదో వరుస చదివి, ఆ రోజు నుంచి నాకు కాఫీ సగం గ్లాసే ఇస్తోంది.

మూడో వరుస ఆయన మాత్రం అందరికన్నా ముందుకు వెళ్లాడు. బెంగళూరులో ఉన్న తన కొడుకు చేత ఆ ఫిర్యాదు కిందనే ఒక వ్యాఖ్య రాయించాడు: సంక్రాంతికి తాను ఇచ్చిన 25,000 ఈ లెక్కలో జమ కాలేదని, కాబట్టి 1,25,000 అన్నది తప్పని, దాన్ని సరిచేయాలని. పాపం మెయింటెయినర్ దాన్ని శ్రద్ధగా చదివి, ఇది ప్రస్తుత లోపానికి సంబంధించినదిగా తోచడం లేదని, వేరుగా ఫిర్యాదు నమోదు చేసి, జమ కాకపోవడం ఏ క్రమంలో జరిగిందో అంచెలంచెలుగా వివరించమని కోరాడు. మూడో వరుస ఆయన వివరించాడు. భోగి నాడు ఎవరి ఎదుట, ఏ అరుగు మీద, ఎన్ని నోట్లుగా ఇచ్చాడో అన్నీ రాయించాడు. అది పండక్కి ఇచ్చిన చేబదులు తిరిగి ఇవ్వడమే గాని కొబ్బరి బాకీ కాదని మావయ్య దాని కింద జవాబు రాయించాడు. మెయింటెయినర్ ఆ తరువాత రెండు వారాలు కనబడలేదు.

ఇదంతా తుడిచేయమని మావయ్య కొడుకును ఆజ్ఞాపించాడు. జతచేసిన ఫైలును తీయించడం కష్టం కాలేదు. పరీక్షలోకి వెళ్లినదాని సంగతి వేరు. టోర్వాల్డ్సే 2005లో రాసిన గిట్ అనే పనిముట్టు ప్రతి మార్పునూ దాచిపెడుతుంది; ఒక్కొక్క మార్పు గుర్తింపు సంఖ్య దాని ముందున్న మార్పు సంఖ్యను కూడా కలుపుకుని లెక్కకట్టబడుతుంది కాబట్టి, వెనుకటి దాన్ని కదిపితే ఆ తరువాతి వాటి సంఖ్యలన్నీ మారిపోతాయి. పైగా గిట్ ద్వారా ప్రాజెక్టును దించుకున్నవారి దగ్గర మామూలుగా మొత్తం చరిత్ర ఉంటుంది. "అంటే మూడో వరుస బాకీ లోకమంతా భద్రంగా ఉందన్నమాట" అని మావయ్య కాస్త స్థిమితపడ్డాడు. చేయగలిగిందల్లా ఇకమీదట కనబడే ప్రతిలో పేర్లు మార్చడం. బావమరిది వాటి స్థానంలో కొబ్బరి రకాలు పెట్టాడు. మూడో వరుసకు గటగట వచ్చింది. ఊళ్లో ఆయన్ను ఇప్పుడు ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

గటగట గారు దీనికి ఏమీ అనుకోలేదు. బాకీ అడగడానికి మావయ్య వెళ్లినప్పుడు కుర్చీ వేయించి, కొబ్బరినీళ్లు ఇచ్చి, "తీర్చేద్దామనే ఉందండి. కానీ నా 1,25,000 పోతే మొత్తం 3,95,500 అవుతుందండి. పరీక్షలో 5,20,500 రావాలని మీ అబ్బాయే రాశాడు కదండి. నా మూలంగా అంత పెద్ద ప్రోగ్రాం ఫెయిలైపోతే బాగుండదండి" అన్నాడు. పరీక్షలో ఉన్న అంకెకు, ఆయన ఇవ్వవలసిన డబ్బుకు ఏ సంబంధమూ లేదని బావమరిది ఎంతో ఓపికగా చెప్పినా, ఆయన దాన్ని పిల్లల వినయంగానే భావించాడు.

మావయ్య ఇంటికి వచ్చి చాలాసేపు ఆలోచించి, అంకె పెంచమన్నాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున నెలకు 2,500 కలిపి, మూడో వరుసను 1,27,500 గా, మొత్తాన్ని 5,23,000 గా మార్చి కొత్త సవరణ పంపమన్నాడు. ప్రతి నెలా పంపుతూనే ఉండాలన్నాడు. తండ్రి మాట కాదనలేక బావమరిది పంపించాడు. పరీక్షలన్నీ సక్రమంగా నెగ్గుతున్నాయని, అయితే ఈ మార్పుకు కారణం ఏమిటో ఆధారంతో సహా తెలియజేయాలని మెయింటెయినర్ రాశాడు. మావయ్యకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. బీరువా తెరిచి, ప్రామిసరీ నోటు బయటకు తీసి, రెవెన్యూ స్టాంపు మీద గటగట గారి సంతకం స్పష్టంగా పడేటట్టు ఫోటో తీయమని నా చేతికిచ్చాడు. దాని కింద సాక్షి సంతకం అయిదో వరుస వారిది.