చెరువు నిండింది, తైబందీ తిరిగి రాలేదు

కల్వకుర్తి దగ్గర మా మేనమామ వాళ్ల ఊళ్లో చెరువు తూము షట్టర్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. చెరువు మాత్రం ఎండలేదు. పూడిక తీశారు, కట్టను గట్టి చేశారు, కృష్ణా నీళ్లు కూడా వచ్చి చేరాయి. నిరుడు అలుగు పోసింది. అయినా తూము ఎత్తమని అడిగేవాళ్లు నలుగురైదుగురే. ఆయకట్టులో మిగతా అందరికీ బోర్లున్నాయి.

ఒకప్పుడు వానాకాలం పంట చేతికొచ్చాక రైతులంతా కట్ట మీద కూర్చునేవాళ్లు. ఉన్న నీళ్లకు యాసంగిలో ఎన్ని ఎకరాలు పారుతుందో లెక్కగట్టి, ఎవరి వంతు ఎంతో తేల్చేవాళ్లు. అదే తైబందీ. ఆ వంతుల ప్రకారం మడిమడికీ నీళ్లు కట్టేది నీరటి. కల్లం దగ్గర అతనికి గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు.

ఇది ఒక్క రోజులో చెడిపోలేదు. ఒక రైతు బోరు వేశాడంటే ఇక కట్ట మీదికి రాడు. కాలువ పూడిక తీయడానికి ఇంటికొక మనిషి రావాలంటే అతని ఇంటి నుంచి ఎవరూ రారు. కల్లం దగ్గర నీరటికి గింజలు కొలవడు. పదిమంది అలా తప్పుకునేసరికి నీరటి పొట్ట చేతపట్టుకుని పట్నం పోతాడు. కాలువలో సర్కారు తుమ్మ మొలుస్తుంది. చెరువులోకి నీళ్లు తెచ్చే కట్టుకాలువను పక్క చేను వాళ్లు కలుపుకుంటారు. చెరువు సగమే నిండుతుంది. అది చూసి పదకొండోవాడు అప్పు చేసి బోరు బండిని పిలుస్తాడు. ఇందులో ఎవరి బుద్ధీ చెడ్డది కాదు.

తూముతో తెగిపోయినా పక్క రైతుతో సంబంధం తెగలేదు. పాలమూరు, నల్లగొండల్లో నేల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లుండేది దాని పగుళ్లలో. ఒక ఎండాకాలం రాత్రి మామ పక్క చేనులో బోరు బండి రాయి కొడుతుంటే తెల్లటి దుమ్ము మా వరి మీద పిండిలా పడింది. నీళ్లు ఎగజిమ్మగానే వాళ్లు కొబ్బరికాయ కొట్టారు. నాలుగో రోజుకు మామ బోరు ఆగి ఆగి పోయడం మొదలైంది.

ఇలాంటి అల్లికలను శాస్త్రవేత్తలు అడాప్టివ్ నెట్‌వర్క్‌లు అంటారు. మనుషుల తీరు సంబంధాలను మారుస్తుంది, మారిన సంబంధాలు మళ్లీ మనుషుల తీరును మారుస్తాయి. 2006లో థిలో గ్రాస్, ఆయన సహ పరిశోధకులు అంటువ్యాధి మీద ఒక గణిత నమూనా కట్టారు. అందులో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు జబ్బుపడినవాళ్లతో రాకపోకలు మానేసి బాగున్నవాళ్లతో కలుస్తారు. ఒకే రకం పరిస్థితుల్లో జబ్బు పూర్తిగా పోనూవచ్చు, పాతుకుపోనూవచ్చు, అంతకుముందు ఎలా ఉందన్నదాన్ని బట్టి. ఒకసారి హద్దు దాటి జారితే, పరిస్థితిని మళ్లీ ఆ హద్దు దాకా తెచ్చినా చాలదు. అంతకన్నా ఇంకా వెనక్కి తేవాలి. మా మామ ఊరి చెరువు నాకు అలాగే కనిపిస్తుంది.

కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటోస్టార్టర్ పెట్టెల సంగతే చూడండి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో అర్ధరాత్రి పాము భయంతో బావికాడికి పోయే బాధను తప్పించింది ఆ పెట్టే. మోటార్లన్నీ ఒక్కసారే లేచేసరికి ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి, అది వేరే తిప్పలు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. పెట్టెలు మాత్రం కదల్లేదు. నీళ్లన్నీ తోడేస్తున్నారని, వాటిని తీసేయండని ప్రభుత్వమే రైతులకు చెప్పుకోవాల్సి వచ్చింది. నేను తీసేసి పక్కవాడు తీయకపోతే నా నీళ్లు వాడి మోటారుకు పోతాయి కదా, మరి ఎవరు ముందు తీస్తారు?

2015లో మొదలైన చెరువుల బాగు పథకం మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకుంది. అది మంచి పని, నేను కాదనను. కానీ బాగు చేసింది మట్టిని, రాతిని, తూమును. నీళ్లు పంచే మనిషి జీతం ఆ అంచనాల్లో ఎక్కడుంది? నీరటి పని చేసిన కుటుంబాలవాళ్లు వీఆర్‌ఏలు, అంటే గ్రామ రెవెన్యూ సహాయకులు అయ్యారు, 2023లో వాళ్లనూ వేర్వేరు శాఖల్లో సర్దేశారు. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో తెచ్చిన వాల్టా చట్టం బోరుకూ బోరుకూ మధ్య దూరం అడుగుతుంది గానీ, వేసిన బోర్ల నీళ్లు కలిసి ఎలా వాడుకోవాలన్నది ఊరివాళ్లకే వదిలేసింది.

నా మట్టుకు తైబందీని మళ్లీ పెట్టాలి, అందులో బోర్లను కూడా లెక్కగట్టాలి. పాలమూరులోనే కొన్నిచోట్ల బోరున్నవాళ్లు, లేనివాళ్లు కలిసి పైపులైను వేసుకుని, కొత్త బోర్లు వేయమని మాట ఇచ్చుకుని నీళ్లు పంచుకున్నారు. కష్టమైన పని. బోరున్నవాడు ముందు తన నీళ్లు కొంత వదులుకోవాలి. నీరటికి ఊరు జీతం కట్టాలి. పూడికతీతకు పెట్టిన డబ్బులో పిసరంత ఇటు పెడితే జీతం సమస్య తీరుతుంది. మొదటిదాన్ని ఏ నిధులూ తీర్చలేవు.

నిరుడు అలుగు పోసిన రోజు చివరి మడి రైతొకాయన కట్ట మీద నిలబడి మామను అడిగాడు. "బావా, యాసంగికి తైబందీ పెడదామా? ఎన్నెకరాలైతే గన్నెకరాలు." మామ వెంటనే జవాబు చెప్పలేదు. ఆ రోజు ఆయన బోరు నిండుగా పోస్తోంది.