దారం ఉన్న టీ

మా ఆవిడ దృష్టిలో అది టీ కాదు, టీ నీడ. కప్పు అడుగు కనిపించే ద్రవాన్ని ఆవిడ టీగా ఒప్పుకోదు. రాజోలు పక్కన మా ఊళ్లో టీ అంటే గేదె పాలలో పొడి పడాలి, దంచిన అల్లం పడాలి, గిన్నె అంచుదాకా మూడుసార్లు పొంగి నాలుగోసారి పొయ్యి దిగాలి. మరి నేనేమో హైదరాబాదులో అమ్మాయి ఇంట్లో ఇరవై రోజులుండి చెడిపోయి వచ్చాను.

అక్కడ పొద్దున్నే కూతురూ అల్లుడూ ఎవరి హడావిడిలో వాళ్లుండేవారు. ఆకుపచ్చ పెట్టెలోంచి ఒక టీ బ్యాగు తీయడం, వేడినీళ్ల కప్పులో వదిలి దారాన్ని అంచుకు వేలాడదీయడం, మూడు నిమిషాలు ఆగి పైకి లాగడం, ఇంతే పని. అరవై నాలుగేళ్ల వయసులో మొదటిసారి ఎవరినీ బతిమాలకుండా టీ తాగాను. "ఏమోయ్, కాస్త టీ..." అని నసగడం, "ఇప్పుడే కదండీ తాగారు" అని వినడం, రెండూ లేవు. రుచి కంటే ఆ నిశ్శబ్దం నాకు బాగా నచ్చింది. ఈ మాట మా ఆవిడకు చెప్పలేదు. రుచి అనే చెప్పాను.

వచ్చేటప్పుడు తెచ్చుకున్న పెట్టె పన్నెండు రోజుల్లో ఖాళీ అయింది.

ముందు మా ఊరి కొట్టుకే వెళ్లి, టీ బ్యాగు ఉందా అని అడిగాను. ఉందన్నాడు. పైఅర మీంచి ఎర్రటి చేతిసంచి ఒకటి దించి దులిపాడు. కేజీ పొడి కొన్నవారికి ఉచితమట. "మాస్టారికి అరకేజీకే ఇస్తానండి" అన్నాడు. నాకు కావలసింది ఇది కాదని చేతులతో అభినయించి చూపాను. దారం పట్టుకున్నట్టు రెండు వేళ్లు కలిపి కిందికీ పైకీ ఆడించాను. వాడు చాలాసేపు పరిశీలించి, "గాలమా అండి?" అన్నాడు.

రాజోలులో దుకాణాయనకు వెంటనే అర్థమైంది. "రైల్లో ఇస్తారే, డిప్ టీ! ఉందండి" అంటూ నాలుగు రకాలు పరిచాడు. అన్నీ గ్రీన్ టీలే. నా పెట్టె రంగు ఆకుపచ్చ, లోపలి టీ మాత్రం నల్లది అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇక్కడ ఈ సంచులు కొనేది డాక్టరు చెప్పినవాళ్లేనండి. మీకు సుగరు ఎంత ఉందన్నారు?" అని గొంతు తగ్గించి అడిగాడు. నాకు సుగరు లేదన్నాను. ఆయన ఎంతో దయగా, "మొదట్లో అందరూ అలాగే అంటారండి" అన్నాడు.

ఆయన అత్తవారిది మా ఊరేనన్న సంగతి నేను మరిచిపోయాను. బస్సు దిగేసరికి పక్కింటి పిన్నిగారు నేరేడు గింజల పొడి పట్టుకుని మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. సాయంత్రానికి కాకరకాయలు వచ్చాయి. రాత్రి భోజనంలో, ఆత్రేయపురం నుంచి ఎవరో తెచ్చిచ్చిన పూతరేకులు అందరి కంచాల్లోనూ ఉన్నాయి, నా కంచంలో తప్ప. "పరీక్ష చేయించేదాకా వద్దులెండి" అంది మా ఆవిడ. ఏ తప్పూ చేయకుండా శిక్ష పడ్డవాడి బాధ నాకా రాత్రి తెలిసింది. పూతరేకుల విషయంలో అది మామూలు బాధ కాదు.

అయినా పట్టు వదలలేదు. మర్నాడు సఖినేటిపల్లి రేవుకు వెళ్లి పంటు ఎక్కాను. వశిష్ఠ దాటితే నరసాపురం. మోటారు సైకిళ్లు, కొబ్బరి గెలలు, ఒక పెళ్లిబృందం, మధ్యలో టీ బ్యాగు కోసం గోదావరి దాటుతున్న నేను. ఏ పని మీద అని పక్కాయన అడిగితే రిజిస్ట్రేషన్ పని అని అబద్ధం చెప్పాను. ఏ తాకట్టు పొలమో విడిపిస్తున్నానని అనుకున్నాడేమో, గౌరవంగా కాస్త జరిగి చోటిచ్చాడు.

నరసాపురంలో అయిదో దుకాణంలో దొరికింది. అదే ఆకుపచ్చ పెట్టె, ఇరవై అయిదు బ్యాగులది, అగరబత్తుల వెనక. తేదీ చూశాను, బాగానే ఉంది. దుకాణాయన చిల్లర ఇస్తూ వెటకారంగా అన్నాడు: "ఆకు జల్లించగా కింద మిగిలిన నలుసూ పొడే కదండీ ఇందులో పోసేది. దారానికి డబ్బు తీసుకుంటున్నారు." ఆ మాట నిజమే. కొన్నాక వినవలసిన నిజం కాదు.

ఇంటికొచ్చి, పెట్టెను వంటింటి అలమరలో పెట్టి, భోంచేసి పడుకున్నాను. ఎండలో తిరిగొచ్చానేమో, నాలుగింటిదాకా మెలకువ రాలేదు.

లేచేసరికి హాలు నిండా చుట్టాలు. పాలకొల్లు నుంచి మా బావమరిది, మరదలు, వాళ్ల వియ్యాలవారు, మొత్తం తొమ్మిది మంది, నా సుగరును పరామర్శించడానికి వచ్చారు. అందరి చేతుల్లోనూ పొగలు కక్కే గ్లాసులు. "బావగారూ, టీ అంటే ఇదండీ! ఏం పొడి అక్కయ్యా ఇది?" అంటున్నాడు మా బావమరిది. నా గుండె ఝల్లుమంది.

వంటింట్లోకి పరిగెత్తాను. గట్టు మీద కత్తెర. పక్కనే ఇరవై అయిదు పొట్ట చీరిన కాగితపు సంచులు, దారాలతో సహా, చేపలు ఎండబెట్టినట్టు వరసగా ఉన్నాయి.

"ఇంట్లో పొడి నిండుకుందండీ" అంది మా ఆవిడ. "చుట్టాలకు సగం సరిపోయిందనుకోండి. అయినా మిగతావి కూడా కోసేశాను, రేపు మళ్లీ కత్తెర వెతుక్కోవాలి కదా. పిన్నులు విడిగా డబ్బాలో వేశాను, మీ కాగితాలకు పనికొస్తాయి."

ముప్పై ఏళ్లకు పైగా సాంఘికశాస్త్రం చెప్పిన నోరు, ఊరుకుంటుందా! చుట్టాలు వెళ్లగానే పాఠం మొదలుపెట్టాను. 1908లో న్యూయార్కులో థామస్ సలివాన్ అనే వర్తకుడు మచ్చుకు టీ ఆకును చిన్న పట్టు సంచుల్లో కట్టి పంపాడనీ, విప్పుకుని వాడుకుంటారని ఆయన అనుకుంటే జనం విప్పకుండా వేడినీళ్లలో ముంచేశారనీ, టీ బ్యాగు పుట్టింది అలాగేననీ చెప్పుకుంటారని వివరించాను. "వాళ్లు విప్పవలసింది ముంచారు. నువ్వు ముంచవలసింది విప్పావు" అన్నాను.

"అయితే లెక్క సరిపోయింది కదండీ" అంది.

ఆ కాగితంలో అబాకా నార కలుపుతారనీ, అబాకా ఫిలిప్పీన్సులో పెరిగే అరటి జాతి మొక్క అనీ చెప్పాను. "అరటి నార కోసం అంతదూరం వెళ్లడమెందుకు, రావులపాలెంలో అడిగితే లారీతో తోలేవారు" అంది. చివరికి నేనే నోరు జారాను. సలివాన్ కంటే ముందే, 1901లో, మిల్వాకీ నగరంలో ఇద్దరు ఆడవాళ్లు టీ ఆకు పట్టే నూలు సంచికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టారనీ, 1903లో అది వచ్చిందనీ చెప్పాను.

"నూలుగుడ్డా?" అంది మా ఆవిడ. అంతవరకు విననట్టు కూర్చున్న మనిషి అప్పుడు తలెత్తింది.

మర్నాడు పొద్దున్నే నేను అడగకుండానే నా ముందుకు వేడినీళ్ల కప్పు వచ్చింది. అంచున దారం వేలాడుతోంది. నా పాత పంచె ముక్కతో కుట్టిన బుల్లి సంచి. కుట్టు మాత్రం నరసాపురం లేసు పనివాళ్లు చూసినా వంక పెట్టలేరు. దారం చివర పెళ్లి శుభలేఖ ముక్క, పసుపు అంటిన మూలే. మూడు నిమిషాలు గడియారం చూసి బయటికి తీశాను. తాగాను. ఆవిడ పక్కనే నిలబడి ఉంది.

"ఎలా ఉంది?"

పెద్దమనిషి తరహాగా కాసేపు నోట్లో పుక్కిలించాను. "సంచికి వంక పెట్టను. తేడా పొడిలో వచ్చింది. మన కొట్టు పొడి మోటుగా ఉంటుంది మరి. ఆ వాసన, ఆ వగరు దీనికి ఎక్కడినుంచి వస్తాయి!"

ఆవిడ ఏమీ అనలేదు. అలమర తీసి చిన్న గాజు సీసా ఒకటి తెచ్చి కప్పు పక్కన పెట్టింది. అందులో సగానికి నల్లటి పొడి. సీసా మీద ఆకుపచ్చ అట్టముక్క, నా పెట్టెలోంచి కత్తిరించిందే, అన్నం మెతుకుతో శుభ్రంగా అతికించి ఉంది.

"కొట్టు పొడి ఇంకా తేలేదండీ" అంది. "పంచదార వేయమంటారా, నిజంగానే మానేశారా?"