గ్రీజు డబ్బా, సానరాయి

మా నాన్న రైలు పట్టాల మీద 35 ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. మా మేనత్త కూతురు, నాకు వదిన వరస, ట్రాక్ మెషీన్లు చూసే ఇంజినీరు. ఇద్దరూ ఒకచోట కూర్చున్నారంటే టీ చల్లారిపోవాల్సిందే. మా ఇల్లు అనంతగిరి కొండల్లో, కొత్తవలస–కిరండూల్ లైను పక్కనే. 1960లలో జపాన్ సాయంతో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసిన లైను ఇది. వరండాలోంచి ఒక వంపు కనిపిస్తుంది. ఆ వంపు దగ్గరే మొన్న గొడవ మొదలైంది: పట్టాను కాపాడేది గ్రీజా, గ్రైండింగా (మెషీన్ సానరాళ్లతో పట్టా పైపొరను గీరడం)? నేను పక్కన కూర్చుని విన్నది విన్నట్టు రాస్తున్నాను.

నాన్న: ఒక్క మాట చెప్పు తల్లీ. పట్టా అరగకూడదనే కదా మన తాపత్రయమంతా? మరి అంత ఖర్చు పెట్టి మెషీన్ తెచ్చి, ఆ పట్టాని మీరే అరగదీయడమేంటి? కత్తికి సాన పడితే పదునొస్తుంది. పట్టాకి సాన పడితే ఏమొస్తుంది?

వదిన: ఆయుష్షు వస్తుంది మావయ్యా.

నాన్న: బాగుంది! మీటరుకి 60 కిలోల బరువుండే పట్టా తల నిలువునా 13 మిల్లీమీటర్లు అరిగిందంటే మార్చేయాలి. మన చేతిలో ఉన్న నిల్వంతా అదే. మీ మెషీన్ వచ్చిన ప్రతిసారీ అందులోంచి కొంత గీరుకుపోతుంది. మేమేం చేసేవాళ్లం? డబ్బాలో గ్రాఫైట్ గ్రీజు, కర్రకు చుట్టిన గుడ్డ. వంపులో బయటి పట్టా గేజి ముఖానికి, అంటే తల లోపలి పక్కకి, చక్రం అంచు (ఫ్లాంజి) రాసుకునే చోట, పలచగా పూసేవాళ్లం. చెయ్యి జారి పట్టా పైకి అంటిందా, మేస్త్రీ నోటికి అడ్డుండేది కాదు. లోడు బండి 60 మీటర్లకి ఒక మీటరు దిగే వాలులో వస్తుంటే చక్రం కింద గ్రీజుంటే బ్రేకు పడదు కదా.

వదిన: గ్రీజు వద్దని నేనెప్పుడన్నాను? గ్రీజు బాగా పనిచేసింది. అసలు చిక్కంతా దాంతోనే వచ్చింది.

నాన్న: ఇదేం తిరకాసు?

వదిన: చక్రానికీ పట్టాకీ మధ్య తగులు ఎంత? బొటనవేలి గోరంత. ఖనిజం బండి ఒక్కో చక్రం బరువు పది టన్నుల పైమాటే, అదంతా ఆ గోరంత చోట పడాలి. వేల చక్రాలు ఒకే వైపుకి తోస్తుంటే ఉక్కు పైపొర ముందుకు సాగి, సన్నటి పగుళ్లు పడతాయి. గ్రీజు లేనప్పుడు పట్టా గబగబా అరిగేది, ఆ అరుగుదలతోపాటు పగుళ్లూ పోయేవి. అరుగుదల దొంగ అనుకున్నాం కానీ, ఆ దొంగ పోతూ పోతూ చెత్త కూడా ఎత్తుకుపోయేవాడు. మనం గ్రీజు పూసి దొంగని ఆపాం. చెత్త ఇంట్లోనే ఉండిపోయింది.

(ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. పట్టా లోపలి మూల (గేజి మూల) మీద ఏటవాలుగా, వరుసగా సన్నటి గీతలు. అచ్చం చేప పొలుసులు. నాన్న కళ్లద్దాలు పైకి తోసి చాలాసేపు చూశారు.)

నాన్న: ఇవి నేనూ చూశాను. పైపైనే ఉంటాయి.

వదిన: మొదట్లో పైపైనే ఉంటాయి, ఏటవాలుగా పాకుతాయి. కొన్ని మిల్లీమీటర్లు లోపలికి పోయాక ఏదో ఒకటి కిందికి తిరుగుతుంది. అప్పుడు పట్టా విరుగుతుంది. పైగా వాన నీరో గ్రీజో పగులులోకి దిగిందనుకో, చక్రం ఎక్కగానే పగులు నోరు మూసుకుంటుంది. లోపలున్న తడికి బయటికి దారుండదు, అది పగులు కొసని ఇంకా చీలుస్తుంది. అందుకే పగులు లోతుకి పోకముందే సన్నటి పొర తీసెయ్యాలి. పొలుసులు పడిందాకా ఆగితే పది సార్లు గీరాలి, ముందే పోతే ఒక్క సారితో అయిపోతుంది. నీ 13 మిల్లీమీటర్ల నిల్వ కూడా అప్పుడే మిగులుతుంది.

నాన్న: పట్టాలోకి ధ్వని తరంగం పంపి పగుళ్లు వెతికే అల్ట్రాసోనిక్ టెస్టింగ్ ఉంది కదా, పట్టుకోవడానికి.

వదిన: పైన పొలుసులుంటే ఆ తరంగం అక్కడే చెదిరిపోతుంది, కిందున్న పెద్ద పగులు దాని నీడలో దాక్కుంటుంది. ఇంగ్లండ్‌లో హాట్‌ఫీల్డ్ సంగతి విన్నావు కదా. 2000 అక్టోబరు 17న గంటకు 185 కిలోమీటర్ల వేగంతో పోతున్న రైలు కింద, వంపులో పట్టా విరిగి 300కి పైగా ముక్కలైంది. నలుగురు పోయారు. కారణం ఈ గేజి మూల పగుళ్లే. ఆ తర్వాత దేశమంతా 1,200కి పైగా చోట్ల వేగం తగ్గించాల్సి వచ్చింది. మరుసటి ఏడాదికల్లా పట్టాలు చూసే కంపెనీ రైల్‌ట్రాక్ దివాలా దాకా పోయింది.

నాన్న: విన్నాను. ఇంకోటి కూడా విన్నాను. అక్కడ పగుళ్లున్న సంగతి వాళ్లకి ముందే తెలుసు. మార్చడానికి కొత్త పట్టాలు తెచ్చి లైను పక్కనే నెలల తరబడి పడేశారు. ఇందులో గ్రైండింగ్ కథేముంది? పని వాయిదా వేసిన కథ. ఎన్ని రాళ్ల మెషీన్ తెచ్చినా దానికి మందు లేదు.

(ఇక్కడ వదిన కాసేపు మాట్లాడలేదు. పాయింటు నాన్నదే అని నాకనిపించింది.)

వదిన: సరే, అది ఒప్పుకుంటా. కానీ సమయానికి గ్రైండింగ్ జరిగి ఉంటే పట్టా మార్చాల్సిన స్థితికి అంత త్వరగా వచ్చేదా?

నాన్న: సమయానికి అంటున్నావు. ఎవరిస్తారు సమయం? మీ 72 రాళ్ల మెషీన్‌కి బ్లాక్ కావాలి, అంటే బళ్లు ఆపి లైను ఖాళీగా ఇవ్వాలి. ఘాట్‌లో బ్లాక్ అంటే కంట్రోలర్‌కి టెన్షన్, ఖనిజం బళ్లన్నీ వెనక బారులు తీరతాయి. ఎండాకాలం నిప్పురవ్వ ఎండుగడ్డిలో పడితే కొండంతా అంటుకుంటుంది. ఇవన్నీ పక్కన పెట్టు. 8 డిగ్రీల వంపంటే 219 మీటర్ల వ్యాసార్థం. అంత బిగువు వంపుల్లో లోపలి పట్టా పక్కన, చక్రం దారి తప్పకుండా పట్టి ఉంచే ఇంకో పట్టా, చెక్ రైలు, ఉంటుంది. మీ రాయి వాలి ఆ పట్టా గేజి మూలకి ఎలా ఆనుతుంది చెప్పు?

వదిన: పూర్తిగా ఆనదు. అక్కడ కోణం తగ్గించుకోవాలి, లేదా చెక్ రైలు విప్పి మళ్లీ బిగించాలి.

నాన్న: విప్పి బిగించేది ఎవరు? గ్యాంగు. ఎంతసేపు? మళ్లీ బ్లాక్! అదే గ్రీజయితే...

(అప్పుడే లోడు గూడ్సు వంపులోకి వచ్చింది. చెవులు చిల్లులు పడే కీచు. ఇద్దరూ ఆగారు. బండి పోయిందాకా ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడరు, అలవాటు.)

నాన్న: విన్నావా? గ్రీజు ఎండిపోయింది. బయటి పట్టా ఏడుస్తోంది.

వదిన: బయటిది కాదు మావయ్యా, లోపలిది. ఇంత బిగువు వంపులో ముందు ఇరుసు తిన్నగా తిరగలేదు, లోపలి చక్రం పట్టా తల మీద అడ్డంగా జారుతుంది. పట్టుకుని, జారి, పట్టుకుని, జారి... ఆ అదురే ఈ కీచు. నువ్వు గేజి ముఖానికి ఎంత గ్రీజు పూసినా అది పోదు.

నాన్న: 35 ఏళ్లు విన్నాను. బయటిదే.

వదిన: పట్టా తలకి వేరే మందు ఉంది. నీళ్లలో కలిసి ఉంటుంది, పూశాక ఆరిపోయి సన్నటి పొరగా నిలుస్తుంది. గ్రీజులా జారదు. ఒరిపిడి గుణకాన్ని 0.35 దగ్గర నిలబెడుతుంది. బ్రేకు పడుతుంది, చక్రం మాత్రం మొండికెయ్యదు. పైపొర మీద అడ్డంగా లాగే బలం తగ్గితే పగుళ్లూ ఆలస్యంగా పడతాయి. అంటే గ్రైండింగూ తక్కువే.

నాన్న: అదిగో! తిరిగి తిరిగి పూతకే వచ్చావు.

వదిన: పూత, రాయి రెండూ కావాలనే కదా ఇందాకటి నుంచీ మొత్తుకుంటున్నది!

నాన్న ఇంకేం అనలేదు. టీ మళ్లీ వేడి చేయించారు. అరగంటకి ఇంకో లోడు బండి కూత వినిపించింది. ఆయన గ్లాసు కింద పెట్టి, మెట్లు దిగి, గేటు దాకా వెళ్లి తల ఒక పక్కకి వంచి నిలబడ్డారు. బండి మొత్తం పోయేదాకా కదల్లేదు. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. వదిన వైపు చూడకుండా అడిగారు:

“ఆ మందు... చేత్తో పూయొచ్చా?”