108 ఓట్ల మెజారిటీ, లెక్కించని మూడు కౌంటీలు

1792లో న్యూయార్క్ గవర్నర్‌గా జార్జ్ క్లింటన్ మళ్లీ గెలిచారని ప్రకటించారు. ఆయనకు 8,440 ఓట్లు, ప్రత్యర్థి జాన్ జేకు 8,332. అంటే మెజారిటీ 108. ఆట్సీగో, టయోగా, క్లింటన్ కౌంటీల (మన జిల్లాల్లాంటివి) ఓట్లను మాత్రం అసలు లెక్కలోకే తీసుకోలేదు. నా దృష్టిలో అది గెలుపు కాదు, ఓటర్ల నోరు నొక్కడం.

అక్కడ గవర్నర్‌ను మన దగ్గరలా కేంద్రం నియమించదు, ఓటర్లే ఎన్నుకుంటారు. క్లింటన్ 1777 నుంచీ ఆ కుర్చీలోనే ఉన్నారు. జే అప్పటికి అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. బానిసత్వాన్ని వ్యతిరేకిస్తారన్న సంగతినే ప్రచారంలో ఆయనపై ఆయుధంగా వాడారు.

అసలు గొడవంతా ఆట్సీగోది. అక్కడ జేకు గట్టి ఆధిక్యం ఉందని అందరూ అనుకున్నారు. చట్టం ప్రకారం బ్యాలెట్లను షెరీఫే, అంటే కౌంటీలో చట్టాన్ని అమలు చేసే అధికారే పంపాలి. పాత షెరీఫ్ పదవీకాలం ముగిసింది, కొత్తగా నియమితుడైన వ్యక్తి ఇంకా ప్రమాణం చేయలేదు. దాంతో పాత షెరీఫే పంపేశాడు. మరి ఎవరు పంపాలి? ఓట్లు లెక్కించాల్సిన శాసనసభ్యుల సంఘం సెనేటర్లు రూఫస్ కింగ్, ఆరన్ బర్‌ల సలహా అడిగింది. లెక్కించాలన్నారు కింగ్, కుదరదన్నారు బర్. సంఘంలో మెజారిటీ క్లింటన్ మనుషులదే. వాళ్లు బర్ మాట పట్టుకున్నారు. తర్వాత ఆ బ్యాలెట్లను కాల్చేశారు.

ఆట్సీగోలో జే పక్షాన పనిచేసిన జడ్జి విలియం కూపర్ ఓటర్లను బెదిరించారని క్లింటన్ వర్గం ఆరోపించింది. తేలిగ్గా కొట్టిపారేయాల్సిన ఆరోపణ కాదది. నిజమైతే విచారించి తేల్చాలి. అయితే ఓట్లను పక్కన పెట్టింది బెదిరింపుల కారణంగా కాదు, పెట్టె ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్న సాకుతో. టయోగాలోనూ అంతే: ఓట్లు తీసుకెళ్తున్న షెరీఫ్ సహాయకుడికి దారిలో జబ్బు చేసి, వేరొకరికి అప్పగించాడు. అధికారుల తప్పుకు శిక్ష ఓటర్లకు పడింది. ఇంకా దారుణం ఏమిటంటే, సంఘం నిర్ణయమే తుదిది, దానిపై అప్పీలు లేదు. ఒక పార్టీ మనుషులే తీర్పరులైనప్పుడు ఇలాంటి నిబంధన ఉండకూడదు.

జే మద్దతుదారులు ఊరూరా సభలు పెట్టి మండిపడ్డారు. ఆయన మాత్రం శాంతంగా ఉండమని కోరారు. 1795లో క్లింటన్ పోటీ చేయలేదు. బ్రిటన్‌తో ఒప్పందం కోసం వెళ్లిన జే, తిరిగొచ్చేసరికి గవర్నర్‌గా ఎన్నికై ఉన్నారు.