కచేరీ టేపులకు తాళాలెందుకు?

రికార్డర్ కనబడితే చాలు, చాలా రాక్ బ్యాండ్ల మనుషులు గేటు దగ్గరే లాగేసుకునే రోజులవి. కాలిఫోర్నియాకు చెందిన గ్రేట్‌ఫుల్ డెడ్ మాత్రం 1984లో సౌండ్‌బోర్డు (కచేరీ ధ్వనిని నియంత్రించే బల్ల) వెనకాల టేపు చేసుకునే అభిమానులకు ప్రత్యేకంగా చోటు కేటాయించింది. టేపులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్మకూడదు: షరతు అదొక్కటే. దానివల్ల ఆ బ్యాండ్ చితికిపోలేదు సరికదా, చేతులు మారిన క్యాసెట్లే ఊరూరా కొత్త శ్రోతల్ని తెచ్చిపెట్టాయి.

అలాంటి బ్యాండే 2005 నవంబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారం నుంచి తన కచేరీల డౌన్‌లోడ్లు తీసేయించింది. అభిమానులు భగ్గుమన్నారు. తనకు తెలియకుండానే ఇది జరిగిందని బేస్ వాద్యకారుడు ఫిల్ లెష్ స్వయంగా చెప్పాడు. కొద్దిరోజుల్లోనే ప్రేక్షకులు చేసిన రికార్డింగులు తిరిగొచ్చాయి. నేరుగా సౌండ్‌బోర్డు నుంచి తీసిన రికార్డింగులు మాత్రం, డౌన్‌లోడ్ లేకుండా, ఆన్‌లైన్‌లో వినడానికే పరిమితమయ్యాయి. ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కోవడం తప్పని మేము అప్పటి అభిమానులతో పాటే అంటాం.

1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీలో ఈ బ్యాండ్ చేసిన కచేరీ సంగతి చూడండి. దాన్ని రికార్డు చేసింది బెట్టీ కాంటర్-జాక్సన్ అనే సౌండ్ ఇంజనీరు. ఆమె టేపులు ఓ గోదాములో ఉండి, అద్దె బాకీ కింద 1986లో వేలానికి పోయాయి. అయినా ఆ కచేరీ బతికింది. అభిమానులు కాపీల మీద కాపీలు తీసుకుని దాన్ని బతికించారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చేనాటికి అధికారిక విడుదలే లేదు. అది 2017లో గానీ రాలేదు. అది వచ్చాక కూడా, ఏళ్ల తరబడి విన్న జనమే మళ్లీ కొన్నారు.

స్టూడియోలో పారేసిన చిత్తు సంగతి వేరు. అది వినిపించాలా వద్దా అన్నది కళాకారుడి ఇష్టం. దొంగిలించి వినే హక్కు ఏ అభిమానికీ లేదు. 2019లో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ పాత మినీడిస్కులు, గంటల కొద్దీ రికార్డింగులు, దొంగల చేతికి చిక్కాయి. వాటిని బయటపెట్టకుండా ఉండేందుకు 1,50,000 డాలర్లు అడిగారన్న వార్తల నడుమ ఆ బ్యాండ్ వాటన్నిటినీ తానే 18 పౌండ్లకు 18 రోజులపాటు అమ్మకానికి పెట్టి, వచ్చిన డబ్బు పర్యావరణ ఉద్యమానికిచ్చింది. బెదిరింపుకు ఇంతకంటే గట్టి జవాబు లేదు. కానీ గాయపడ్డాక తీసుకున్న నిర్ణయమది. దాన్ని అలవాటు చేయమని ఎవరినీ అడగలేం.

మా అభ్యంతరం రికార్డు కంపెనీల మీద. యూరప్‌లో కాపీరైటు గడువును 50 నుంచి 70 ఏళ్లకు పెంచినప్పుడు, 50 ఏళ్లలోగా విడుదల కాని రికార్డింగులకు ఆ పొడిగింపు వర్తించదన్నారు. 2013 డిసెంబరులో బీటిల్స్ 1963 నాటి 59 రికార్డింగులు హడావుడిగా ఐట్యూన్స్ అనే ఆన్‌లైన్ పాటల దుకాణానికి ఎక్కడం ఆ గడువు పుణ్యమే. హక్కు జారిపోతుందన్న భయం పుడితే తప్ప శ్రోత గుర్తుకు రాకపోవడం అన్యాయం.

వేలమంది టికెట్ కొని విన్న కచేరీలో రహస్యమేముంది? అలాంటివాటిని అమ్మకానికి కాకుండా పంచుకోవడానికి వదిలేయాలి. అదంతా ఒక్కరోజులో కాకపోవచ్చు. ముందుగా తమ దగ్గర ఏ ఊరి, ఏ తేదీ కచేరీ టేపులున్నాయో, అవి ఏ స్థితిలో ఉన్నాయో కంపెనీలు జాబితా బయటపెట్టాలి.