పేరు చూసి మోడలే పట్టేస్తుందట, మరి పుట్టికి ఎన్ని కిలోలో ఎవరు చెప్తారు?

ఏఐ ఏజెంట్లు కట్టే కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: "టూల్ డిస్క్రిప్షన్ల మీద టైమ్ తగలెయ్యొద్దు, ఇప్పటి మోడళ్లు పేరు చూసే పట్టేస్తాయి. స్కీమా కరెక్టుగా ఉంటే ఒక్క లైను చాలు. ఎక్కువ రాస్తే టోకెన్లు దండగ. తేడా వస్తే సిస్టమ్ ప్రాంప్టులో ఒక ముక్క వేసుకో. రాయాల్సి వస్తే కోడ్ రాసినవాడే రాయాలి." టూల్ అంటే ధరో లెక్కో కావాల్సినప్పుడు మోడల్ పిలిచే ఫంక్షన్, డిస్క్రిప్షన్ అంటే అది ఏం చేస్తుందో చెప్పే వివరణ, స్కీమా అంటే దానికి ఏ రకం ఇన్‌పుట్ ఇవ్వాలో చెప్పే నమూనా. టోకెన్లు మోడల్ చదివే మాట ముక్కలు, ఖర్చు వాటి లెక్కనే; సిస్టమ్ ప్రాంప్టు మోడల్‌కి ముందుగా ఇచ్చే సూచనలు. నెల్లూరు, ఒంగోలు వైపు రొయ్యలకీ వడ్లకీ ఏజెంట్లు చేద్దామనుకునేవాళ్లు కూడా దీన్నే ఫార్వర్డ్ చేస్తున్నారు కాబట్టి ఇక్కడి సరుకుతోనే జవాబు చెప్తా.

ముందు పేరు సంగతి. మోడల్‌కి మీ కోడ్ కనపడదు. టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా, దాని ముందుకొచ్చేవి ఇవే, ఫంక్షన్ లోపల మీరు ఎంత గొప్పగా రాసుకున్నా దానికి తెలిసే దారి లేదు. "రొయ్యల ధర" అని ఒక టూల్ పెట్టి, అందులో "కౌంట్" అని ఒక పారామీటర్ (మోడల్ నింపాల్సిన ఇన్‌పుట్) ఇచ్చి, వివరణలో "రొయ్యల ధర ఇస్తుంది" అని వదిలేశారనుకోండి. ఇందుకూరుపేట రైతు "నాది 40 కౌంటు, రెండు టన్నులుంది, ఎంతొస్తది?" అని అడుగుతాడు. కిలోకి 40 రొయ్యలు తూగితే 40 కౌంటు అనీ, అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దదీ ధర ఎక్కువా అనీ చెరువు గట్టు మీద పిల్లాడికి కూడా తెలుసు. మోడల్ కూడా ఎక్కడో చదివే ఉంటుంది. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరుతో ఉండే పారామీటర్ మామూలుగా ఎన్ని ఫలితాలు కావాలో చెప్పేది, అందుకని అది 40 వరుసల ధరలు తెచ్చి పోసినా దాన్ని తిట్టడానికి లేదు.

అదే వివరణ ఇట్లా ఉంటే? "ఒక తేదీన, ఒక కౌంటు వనామీ రొయ్య కొనుగోలు ధరను కిలోకి రూపాయల్లో ఇస్తుంది. కౌంటు అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య, అంకె చిన్నదైతే రొయ్య పెద్దది. రైతు కౌంటు చెప్పకపోతే ఊహించొద్దు, అడగాలి. మేత ధరకి దీన్ని వాడొద్దు, దానికి వేరే టూల్ ఉంది." నాలుగు వాక్యాలు, అంతే. క్లాడ్ మోడళ్లు చేసే ఆంత్రోపిక్ కంపెనీ డాక్యుమెంటేషన్ కూడా ఒక్కో టూల్‌కి కనీసం మూడు నాలుగు వాక్యాలు రాయమనే చెప్తుంది. ఎప్పుడు వాడకూడదో చెప్పే ఆ చివరి వాక్యాన్నే చాలామంది ఎగ్గొడతారు, నా లెక్కలో అన్నిటికన్నా విలువైంది అదే.

ఇక స్కీమా. ఓపెన్ఏఐ 2024 ఆగస్టులో స్ట్రిక్ట్ మోడ్ తెచ్చాక ఈ ధీమా బాగా పెరిగింది. అది హామీ ఇచ్చేది ఆకారానికి: నంబరు రావాల్సిన చోట నంబరే వస్తుంది. దేని నంబరో దానికి పట్టదు. బుచ్చిరెడ్డిపాళెం రైతు "పది పుట్లు ఉండాయి" అంటాడు, మీ టూల్ క్వింటాళ్లలో లెక్క కడుతుంది, మోడల్ 10 అని పంపుతుంది, స్కీమా భేషుగ్గా పాసవుతుంది. నెల్లూరు పుట్టి 850 కిలోలు కదన్నా, అక్కడ 85 క్వింటాళ్లు ఉండాలి. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఎర్ర గీత పడదు, రైతుకి మాత్రం దాదాపు ఎనిమిదో వంతు డబ్బే కనపడుతుంది.

ఖాళీ జవాబుదీ ఇదే గొడవ. టంగుటూరులోనో కొండపిలోనో పొగాకు వేలం లేని రోజున ధర అడిగితే టూల్ ఖాళీ లిస్టు ఇస్తుంది. ఖాళీ అంటే ఆ రోజు వేలం జరగలేదని వివరణలో లేకపోతే "ఈరోజు మీ పొగాకుని కొనేవాళ్లు లేరు" అని మోడల్ చల్లగా చెప్పగలదు. ఆ మాట విన్న రైతు టెన్షన్ ఎవరు చూడాలి?

టోకెన్ల మాటలో కొంత నిజముంది, ఒప్పుకుంటా. వివరణలు ప్రతి రిక్వెస్టుతోనూ వెళ్తాయి, తెలుగు లిపి చాలా టోకెనైజర్లలో ఇంగ్లీషు కంటే ఎక్కువ ముక్కలవుతుంది. అందుకే నేనైతే వివరణని ఇంగ్లీషులో రాసి, పుట్టి, కౌంటు, తరుగు లాంటి రైతు మాటల్ని మాత్రం తెలుగులో పెట్టమంటా. డేటా ఏ టేబుల్ నుంచి వస్తుందో, ఎవరు ఎప్పుడు మార్చారో, ఆ సోది తీసెయ్యండి. కానీ తప్పు టూల్‌ని పిలిచి, తప్పు జవాబు చదివి, మళ్లీ ఇంకోటి పిలిస్తే అయ్యే ఖర్చు ముందు ఆ నాలుగు వాక్యాలెంత? పైగా రిక్వెస్టు మొదట్లో మారకుండా ఉండే భాగానికి ప్రాంప్ట్ క్యాషింగ్ (ఒకసారి పంపిన భాగాన్నే మళ్లీ తక్కువ ఖర్చుతో వాడుకోవడం) ఉండనే ఉంది. నిజంగా తగ్గించాలంటే ఒకే పని చేసే మూడు టూళ్లని ఒకటి చెయ్యండి.

"సిస్టమ్ ప్రాంప్టులో వేసుకో" అన్నదాని మీద పెద్దగా చెప్పేదేం లేదు. 2024 నవంబరులో ఎంసీపీ (ఒకరి టూల్‌ని ఇంకొకరి ఏజెంటుకి తగిలించే ఉమ్మడి పద్ధతి) వచ్చాక మీ టూల్‌ని మీకు తెలియనివాళ్లు వాళ్ల ఏజెంటుకి తగిలించుకుంటున్నారు. మీ సిస్టమ్ ప్రాంప్టు వాళ్ల దగ్గరికి పోదు, వివరణ పోతుంది.

చివరిది, కోడ్ రాసినవాడే రాయాలన్నది. మొదటి ముసాయిదా వాడే రాయనీ. దాన్ని హైదరాబాద్‌లో ఇంకో డెవలపరుకి చూపిస్తే "బాగుంది బ్రో" అంటాడు, పని అయిపోతుంది. రైస్ మిల్లులో కాటా దగ్గర కూర్చునే గుమాస్తాకి చదివి వినిపించండి. "తేమ 17 శాతం దాటితే తరుగు తీస్తాం గదా, అది యాడ రాశారు?" అంటాడు. రాసి ఉండరు.